కింది ప్లగ్గులు

సిద్దిపేట నుంచి గజ్వేల్ దిక్కు పోతుంటే, రోడ్డు దిగి ఎర్రమట్టి బాట పట్టుకొని కొంత దూరం పోయినంక విమానాలు నేర్పే బడి ఒకటి వస్తది. చూస్తే బడి లెక్క ఉండదు. పత్తి చేన్ల నడుమ పొడుగ్గ పోసిన తారు పట్టీ, దాని అంచుకు ఎత్తు రేకుల షెడ్డు, షెడ్డుల నలుగురు కూసునే చిన్న విమానాలు నాలుగు. పైలట్లు కావాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పడుచు పిల్లలు పొద్దుగాల నుంచి వాటిని లేపుతుంటరు, దింపుతుంటరు. ఆ విమానాల ఇంజన్లు చూసుకునేటోళ్లల్ల లిడియా ఒకతి.

లిడియాది కోహెడ. తల్లిదండ్రులు పత్తి ఏరే కూలోళ్లు. ఆదివారం చర్చి, మిగిలిన దినాలు చేను. చదువుల లిడియా నడిమి రకం. కానీ ఇంటి పక్కల కుట్టుమిషన్ మొరాయించినా, సైకిల్ చైన్ జారినా ఆమెనే పిలిచేటోళ్లు. బడిల సారు ఒకాయన అది చూసి ఐటీఐల ఫిట్టర్ కోర్సుకు పెట్టించిండు. పాసయినంక సిద్దిపేటల బోరు మోటర్లు బాగుచేసే దుకాణంల పనికి కుదిరింది. సెంట్రింగ్ పని చేసే బాబును చేసుకొని, అత్త రామవ్వతోని కలిసి అక్కడనే కిరాయి ఇంట్ల కాపురం పెట్టింది. పిల్లలు కాలేదు. కాలేదని కొన్నేండ్లు ఏడ్చింది, తర్వాత ఏడ్చుడు బంద్ అయింది. ఎప్పుడు బంద్ అయిందో ఆమెకే యాదికి లేదు.

విమానాల బడిల మొదట ఆమెను తీసుకున్నది షెడ్డు ఊడ్వడానికి, పార్టులు కడగడానికి. అక్కడ పెద్ద ఇంజనీర్ జహీరుద్దీన్. అరవై దాటిన మనిషి. లైసెన్స్ ఆయనకే ఉంది, ఆయన చూసి సంతకం పెడితేనే విమానం షెడ్డు గడప దాటుతది. ఆయనకు మోకాళ్లు అరిగిపోయినయి, వంగి ఇంజన్ కిందికి పోలేడు. రెండో మెకానిక్ శైలేందర్‌ది లావు చెయ్యి, సందుల పట్టదు. కింది ప్లగ్గుల కాడికి సన్న చెయ్యి కావాల్సి వచ్చి, జహీరుద్దీన్ పార్టులు కడిగే లిడియాను పిలిచిండు.

ఒక్కో ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కు పెట్రోల్‌ను అంటించే ప్లగ్గులు రెండేసి ఉంటయి, పైన ఒకటి, కింద ఒకటి. నిప్పుకు కరెంటు పుట్టించే మ్యాగ్నెటోలు రెండుంటయి, ఒక్కో ప్లగ్గు ఒక్కో మ్యాగ్నెటో నుంచి కరెంటు తీసుకుంటది. గాలిల ఒక వరుస చచ్చినా ఇంకో వరుస మీద ఇంజన్ నడవాలని అట్ల పెట్టిన్రు. పై ప్లగ్గులు ఎవలైనా మారుస్తరు, కండ్ల ముంగటనే ఉంటయి. కిందియి అట్ల కాదు. పొగ గొట్టం పక్కపొంటి చెయ్యి పోనిచ్చి, కన్నుకు కనబడని కాడ ప్లగ్గును మర మీద నిలబెట్టాలె.

"వేళ్లతోనే తిప్పాలె బేటా," అని నేర్పిండు జహీరుద్దీన్. "మర పట్టినప్పుడు వేళ్లకు తెలుస్తది, చిన్నగ ఒక మెట్టు దిగినట్టు ఉంటది. ఆడికెల్లి రాగి వాషర్ దాకా వేళ్లతోనే పోవాలె. నడుమ ఆగిందనుకో, బలం పెట్టొద్దు. తీసి, తుడిచి, మళ్ల మొదటికెల్లి. రెంచ్ పెట్టినవంటే వంకరగున్నా దిగుతది. దిగినట్టే కనిపిస్తది. లోపల మరను తింటది."

లిడియా నేర్చుకున్నది. కొత్త వాషర్ వేసుడు, మరకు మందు పూసుడు, ఆ మందు కొసకు అంటకుండ చూసుడు, చివరికి కొలత రెంచ్‌తోని బిగించుడు. చేతిల నుంచి జారి కింద పడ్డ ప్లగ్గు కొత్తదైనా సరే పారెయ్యాలె, లోపల పింగాణి పగిలిందో లేదో పైకి కనబడదు. నాలుగైదేండ్లు ఆ నాలుగు విమానాల కింది ప్లగ్గులన్నీ ఆమె చేతి మీదనే ఎక్కినయి.

ఆ ఏడాది చలికాలంల వేళ్లకు ఏందో సన్న గుడ్డ చుట్టినట్టు అనిపించుడు షురువైంది. పార్టులు కడిగే మందుకు చర్మం మొద్దుబారిందేమో అనుకున్నది. చలి పోయింది, గుడ్డ పోలేదు. కుడి మోచేతి కింద పావలా బిళ్లంత జాగల రంగు తగ్గిన మచ్చ ఒకటి ఉండె. దురద లేదు, నొప్పి లేదు. మెడికల్ షాపుల గజ్జి మందు ఇచ్చిన్రు, పూసింది. తగ్గలేదు, పెరగలేదు. నొప్పి లేనిదాని మీద మనిషికి ధ్యాస ఉండదు. వండేటప్పుడు చిటికెన వేలు కాలి బొబ్బ వచ్చినా, ఎప్పుడు కాలిందో తెల్వక తుడుచుకొని ఊకున్నది.

ప్లగ్గులు మాత్రం ఎక్కిస్తనే ఉంది. వేళ్లకు తెల్వనిది మణికట్టుతోని తెలుసుకునేది. ఎంత దిగింది, ఎంత మిగిలింది అని అద్దం ముక్క పెట్టి చూసేది. తను అట్ల చేస్తున్నట్టు ఆమెకే సరిగ్గ ఎరుక లేదు. తొవ్వల గుంత వస్తే కాలు దానంతట అది పక్కకు పడ్డట్టు, చెయ్యి ఏదో ఉపాయం చూసుకున్నది.

ఒకనాడు పొద్దున, ఎగరబోయిన విమానం ఒకటి రన్‌వే మొదట్ల నుంచే వాపస్ వచ్చింది. ఎగిరే ముందట ఒక్కో మ్యాగ్నెటో మీద ఇంజన్ నడిపి చూస్తరు. ఒకదాని మీద ఇంజన్ వణుకుతుందని పైలట్ చెప్పిండు. ఏదో ఒక ప్లగ్గు నిప్పు కొడతలేదన్నట్టు. అది ఏ ప్లగ్గో కనుక్కోవడానికి పాత ఉపాయం ఒకటుంది. ఆ మ్యాగ్నెటో మీదనే కొంచెంసేపు ఇంజన్ నడిపి బంద్ చేస్తే, మండని సిలిండర్ పొగ గొట్టం సల్లగ ఉంటది, మిగిలినయి కాలుతుంటయి. చేతి అంచు అట్ల తాకించి ఇట్ల తీస్తే చాలు, తెలిసిపోతది.

ఇంజన్ బంద్ చేసిన్రు. లిడియా వంగి చేతి అంచు మొదటి గొట్టానికి ఆనిచ్చింది.

"ఇదే సాబ్," అన్నది. "సల్లగుంది."

"ఇంకోపాలి చూడు," అన్నడు జహీరుద్దీన్.

ఆమె చెయ్యి తియ్యలేదు. అట్లనే ఆనిచ్చి ఉంచింది. "సల్లగనే ఉంది సాబ్."

శైలేందర్‌కు ముందు వాసన వచ్చింది. "అక్కా! చెయ్యి! చెయ్యి తియ్యి!" అని అరిచి ఆమె భుజం పట్టి గుంజిండు. చిటికెన వేలి పక్క చర్మం తెల్లగ ఉడికి గొట్టానికి అంటుకొని ఊడొచ్చింది. లిడియా చెయ్యి వెలుగుకు పట్టి చూసింది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది. శైలేందర్ బకెట్ల నీళ్లు తెచ్చి చెయ్యి ముంచిండు.

జహీరుద్దీన్ ఆమె ఎదురుంగ స్టూలు వేసుకొని కూసున్నడు. "మంట లేదా?"

"లేదు సాబ్."

ఆయన ఆమె చిటికెన వేలు కొసను గోళ్లతోని గట్టిగ నొక్కిండు. "ఇప్పుడు?"

"నొక్కినరా?" అని అడిగింది లిడియా.

షుగర్ ఉందా అని ఆయన అడిగిండు. లేదన్నది. కారు తీసి ఆయనే సిద్దిపేట సర్కారు దవాఖానకు తోలుకపోయిండు.

డాక్టరమ్మ వయసుల చిన్నది. కాలిన చేతికి పట్టీ కట్టించినంక కండ్లు మూసుకోమన్నది. దూది కొసతోని తాకుకుంట, "ముట్టినప్పుడల్ల చెప్పమ్మా," అన్నది. లిడియా కండ్లు మూసుకొని కూసున్నది. ఫ్యాన్ సప్పుడు వినబడుతుంది. బయట ఎవలో పిల్లగాడు ఏడుస్తుండు. చానాసేపు ఎదురుచూసి, "ఎప్పుడు మొదలు పెడ్తరు మేడం?" అని అడిగింది. డాక్టరమ్మది అప్పటికే అరచెయ్యంత చూసుడు అయిపోయింది. బొటన వేలి కొస, చూపుడు వేలి కొస అర్ధం అర్ధం తెలుస్తున్నయి. మిగిలినయి తెలుస్తలేవు. మోచేతి ఎనుక నరం పట్టి చూసి, తాడు లెక్క లావైందని అన్నది. మచ్చ మీద కూడా దూది తెల్వలేదు.

"కుష్ఠు వ్యాధి అమ్మా ఇది. భయపడేది ఏం లేదు. ఏడాది మందులు వాడాలె, మందులు ఇక్కడనే ఇస్తరు. మొదటి డోసు ఇప్పుడే నా ముంగట మింగు. మింగినంక ఇంకొకరికి అంటదు. నరానికి వేరే గోళీలు రాస్త. పోయిన స్పర్శ కొంత రావొచ్చు. అంతా వస్తదని మాత్రం నేను చెప్పలేను."

లిడియా గోళీలు మింగింది. డాక్టరమ్మ ఆమె మొహం దిక్కు చూసుకుంట ఆగింది. ఏడుస్తదేమో, ఏమన్న అడుగుతదేమో అని కావొచ్చు. లిడియా కూడా ఏడుపు వస్తదేమో అని లోపల ఎతికింది. రాలేదు. "నెలకోసారి రావాల్నా మేడం?" అని అడిగింది. అవునన్నది డాక్టరమ్మ.

బయట జహీరుద్దీన్ కారు కాడ నిలబడి ఉండు. చర్మం డాక్టర్‌కు చూపించాల్సి వచ్చిందని మాత్రం చెప్పింది. ఆయన గుచ్చి అడగలేదు. ఇంటి సందు మొదట్ల దించి పోయిండు. లిడియా తొవ్వల టమాటలు, కొత్తిమీర కొన్నది. ఒక్కో టమాటను ఎడమ చేత్తోని ఒత్తి చూసి ఏరింది. ఎందుకు ఎడమ చేత్తోనో అప్పుడు అర్థమైంది. కొన్ని నెలల నుంచి ఎడమ చేత్తోనే ఏరుతుంది.

పొద్దుగూకక ముందే బాబు పని నుంచి వచ్చిండు. రామవ్వ వాకిట్ల బియ్యం చెరుగుతుంది. లిడియా ఇద్దరి ముంగట ఒక్క తీరుగ చెప్పింది, కరెంటు బిల్లు వచ్చిందని చెప్పినట్టు.

"ఎవలకు చెప్పకు," అన్నడు బాబు. "పని కాడ అసలే చెప్పకు. మందులు తింటే పోతదన్నది గదా. చెప్పేది ఏముంది?"

రామవ్వ చాట పక్కన పెట్టి, "మా తల్లిగారి ఊర్ల పెద్దరోగం వచ్చినోళ్లకు ఊరవుతల గుడిసె ఏసేటోళ్లు," అన్నది. అని, తన మాట తనకే కటువుగ తోచిందేమో, లేచి పోయి పొయ్యి ముట్టించింది.

తెల్లారి చేతికి పట్టీతోనే లిడియా బస్సెక్కింది. కిటికీల నుంచి చూస్తుంటే పైన చిన్న విమానం ఒకటి తిరుగుతుంది. తెలుపు మీద నీలం గీత. పోయిన వారం దాని కింది ప్లగ్గులు ఆమెనే ఎక్కించింది. సప్పుడు సక్కగనే ఉంది. ఇంజన్ సప్పుడు విని తప్పొప్పులు చెప్పగల్గుతది లిడియా. అయినా ఆ విమానం చేన్ల మీదికెల్లి పోయి కనబడకుండ అయ్యేదాక చూసింది. భయం కాదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు ఒక మాట తలకాయల తిరుగుతుంది, అంతే. మర పట్టిందని ఆ నాలుగు ప్లగ్గులు ఆమెకు చెప్పలేదు. పోయిన నెల ఎక్కించినయి కూడా చెప్పలేదు. చెప్పినయని అనుకున్నది.

షెడ్డుకు పోంగనే జహీరుద్దీన్ కాడికి పోయింది. ఆయన చెంచాతోని చాయ్‌ల చక్కెర కలుపుకుంటుండు.

"సాబ్, నాకు కుష్ఠు వచ్చింది. మందులు మొదలుపెట్టిన్రు, ఎవలకు అంటదంట. గది కాదు నేను చెప్పేది. నా వేళ్లకు తెలుస్తలేదు. ఎప్పటి నుంచో తెల్వదు. చలికాలం నుంచి నేను ఎక్కించిన కింది ప్లగ్గులన్నీ మళ్ల తీసి చూడాలె."

చెంచా ఆగింది. "తప్పు ఎక్కించినవని అనుమానమా, ఎరుకనా?"

"ఏదీ లేదు సాబ్. సరిగ్గ ఎక్కినయో లేదో నాకు తెల్వదు. గదే చెప్తున్న."

ఆయన చాయ్ తాగకుండనే లేచిండు. రేడియోల చెప్పి పైనున్న విమానాన్ని దింపించిండు. మిగిలినవాటిని లేపొద్దన్నడు. మేనేజర్ ఉరికొచ్చిండు. పిల్లల పరీక్షలు దగ్గరున్నయి, అన్నీ ఒక్కపాలి ఆపితే ఎట్ల, ఒక్కోటి చూడరాదా అన్నడు. "నా సంతకం నేను వాపస్ తీసుకుంటున్న," అన్నడు జహీరుద్దీన్. "నక్కో అంటే నక్కో. ఏవీ లేవద్దు." ఎందుకని అడిగిండు మేనేజర్. జహీరుద్దీన్ లిడియా దిక్కు చూసిండు, చెప్తవా, నన్ను ఏదో ఒకటి చెప్పమంటవా అన్నట్టు. లిడియానే చెప్పింది. షెడ్డుల ఉన్నోళ్లందరికీ వినబడ్డది.

ఆ దినమంత శైలేందర్ పొగ గొట్టాలు విప్పి జాగ చేసుకొని కింది ప్లగ్గులు తీసిండు. గొట్టం విప్పితే లావు చెయ్యి కూడా పడతది, పని మాత్రం మూడింతలు. లిడియా దూరంగ నిలబడి దీపం పట్టింది. మొదటి విమానంల అన్నీ సక్కగ వచ్చినయి. రెండో, మూడో దాంట్ల కూడా. నీలం గీత విమానంల మూడో సిలిండర్ కింది ప్లగ్గు సగం తిరిగి పట్టుకున్నది. శైలేందర్ ఆగిండు. జహీరుద్దీన్ మోకాలు పట్టుకుంట కింద కూసొని, కొంచెం నూనె పోయించి, ముందుకు ఎనుకకు ఆడించుకుంట తీయించిండు. ప్లగ్గుతోపాటు లోపలి మర చుట్ట కూడా స్ప్రింగు లెక్క తెగి బయటికొచ్చింది. వంకరగ ఎక్కింది. రెంచ్ దాన్ని అట్లనే దించింది.

శైలేందర్ తెగిన చుట్టను దీపం వెలుగుకు పట్టి, "గిది గాలిల ఊడొచ్చేదా సార్?" అని అడిగిండు.

"రావొచ్చు, రాకపోవచ్చు," అన్నడు జహీరుద్దీన్. "సిలిండర్ విప్పాలె." ఆ ప్లగ్గును గుడ్డల చుట్టి పక్కన పెట్టిండు. లిడియాతోని మంచి పని చేసినవనలేదు, చెడ్డ పని చేసినవనలేదు. ఆమె దీపం ఆర్పి, వైరు చుట్టి, దాని జాగల తగిలించింది. పొద్దుగాల ఆ విమానం ఎంత ఎత్తుల ఉండె అని ఒక్కపాలి మతికొచ్చింది. ఇద్దరు పిల్లలు ఉండిరి దాంట్ల. ఆ ఆలోచన వచ్చింది, పోయింది. దాని వెనుక రావాల్సినది ఏదో రాలేదు.

తెల్లారి నుంచి పనికి రావొద్దు, మందులు అయినంక చూద్దాం అన్నడు మేనేజర్. జహీరుద్దీన్ అప్పుడు కొట్లాడలేదు. రెండు వారాలు లిడియా ఇంటికాడ ఉంది. చెప్పొద్దన్నా చెప్పిందని బాబు ఆమెతోని మాట్లాడలేదు. పొద్దుగాల సద్ది కట్టుకొని పోయేటోడు, వచ్చి తిని పండుకునేటోడు.

అప్పుడే ఆశా కార్యకర్త నిఖత్ వచ్చింది. బుర్ఖా మీద నీలం కోటు వేసుకొని, గోళీల సంచి పట్టుకొని వాకిట్ల నిలబడ్డది. బాబుకు, రామవ్వకు ఒళ్లంత చూసి, ముందుజాగ్రత్త గోళీలు ఇచ్చి, "అమ్మీ, ఈమె చెయ్యి పొడిబారనియ్యొద్దు," అని రామవ్వకు చెప్పింది. "దినాం కొంచెంసేపు నీళ్లల్ల నానబెట్టి, నూనె రుద్దాలె. వేళ్లు వంగకుండ సాగదియ్యాలె. ఆమెకు కాలింది, కోసింది తెల్వదు గదా, మీరే చూసుకోవాలె."

"నేను రుద్దితే నాకు అంటదా?" అని అడిగింది రామవ్వ.

"గోళీ మింగినంక అంటదు. నేను ఎంతమందికి రుద్దిన!"

తెల్లారి పొద్దున రామవ్వ గిన్నెల నీళ్లు, కొబ్బరినూనె సీసా తెచ్చి లిడియా ముంగట కూసున్నది. "తే," అన్నది. చెయ్యి పట్టుకొని వేలు వేలు రుద్దింది, రొట్టె పిండి పిసికినట్టు మొరటుగ. లిడియా చూస్తుంది. ముసలామె బొటనవేలు తన చిటికెన వేలు మీద పైకి కిందికి పోతుంది. కనబడుతుంది, తెలుస్తలేదు. అద్దం అవుతల ఎవలో ఎవలకో రుద్దుతున్నట్టు ఉంది.

"నొస్తుందా?" అని అడిగింది రామవ్వ.

"లేదత్తమ్మ."

"నొస్తే చెప్పు మరి." ఆ మాట ఆమె దినాం అడిగేది. దినాం ఒక్కటే జవాబు వచ్చేది. అయినా అడుగుడు మానలేదు.

జహీరుద్దీన్ ఊకున్నడని లిడియా అనుకున్నది గానీ, ఆయన ఊకోలేదు. డాక్టరమ్మ కాడికి మేనేజర్‌ను తోలుకపోయి మాట్లాడిపిచ్చిండు. ఏం మాట్లాడుకున్నరో లిడియాకు తెల్వదు. ఫోన్ వచ్చింది. షెడ్డు ఎనుక ప్లగ్గుల బెంచీ కాడ పని, విమానం మీద చెయ్యి పెట్టేది లేదు, ఇష్టమైతే రమ్మన్నరు. లిడియా పోయింది.

బెంచీ పని అంటే, విప్పిన ప్లగ్గులు పళ్లెంల వస్తయి. ఏ సిలిండర్‌ది, పైదా కిందిదా అని పళ్లెంల ఉన్న గుంతను బట్టే తెలుస్తది. వాటిని కడిగి, ఇసుక గాలితోని మసి కొట్టి, సందు కొలిచి, కరెంటు ఎంత పోతుందో మీటర్ పెట్టి చూసి, గాలి ఒత్తిడిల నిప్పు కొడుతుందో లేదో పరీక్ష చెయ్యాలె. పైనున్నది కిందికి, కిందున్నది పైకి మార్చి పంపాలె, అరుగుడు సమానంగ ఉండాలని. అరిగి సన్నబడ్డయి పారెయ్యాలె. ఇదంత కన్నుతోని అయ్యే పని. వేళ్లు పట్టుకుంటే చాలు.

చాయ్ తెచ్చే సతీశ్ మొదట్ల బెంచీ చివరన కప్పు పెట్టి ఉరికేటోడు. మందులకు ఆమె ఒంటి రంగు మారి నల్లబడ్డది. ఎరుకున్నోళ్లు గుర్తుపట్టి అడిగేటోళ్లు. లిడియా దాచలేదు, వివరం చెప్పలేదు. "మందులకు," అనేది. కొన్ని నెలలకు సతీశ్ చాయ్ పెట్టి అక్కడనే నిలబడి తన పెండ్లి సంగతులు చెప్పుడు మొదలుపెట్టిండు. ఎందుకు మారిండో ఆయనకూ తెల్వదేమో. లిడియా వినేది. బాబు కూడా ఏదో ఒకనాటి నుంచి మాట్లాడబట్టిండు. నెలకోసారి బండి మీద దవాఖానకు తోలుకపోయి, గోళీల ప్యాకెట్ తానే జేబుల పెట్టుకునేటోడు. ఆ మాట్లాడని దినాల గురించి ఇద్దరూ ఎత్తలేదు.

బెంచీ మీద కూసున్నంక లిడియాకు ఒక సంగతి కనబడ్డది. కింది ప్లగ్గులల్ల సీసం గోళీలు పేరుకొని వస్తున్నయి, ఆవగింజలంత. వాటితోనే నిప్పు ఆగుతుంది. విమానం పెట్రోల్ల సీసం ఉంటది. పిల్లలు నేర్చుకునే విమానాలు నేల మీద ఎక్కువసేపు నిదానంగ నడుస్తయి, ప్లగ్గు కొస ఆ సీసాన్ని కాల్చేంత వేడెక్కదు. ఆమె నాలుగు పళ్లేలు జహీరుద్దీన్‌కు చూపించింది.

"కొంచెం వేడిగుండే రకం పెడితే ఎట్లుంటది సాబ్? అన్నీ మార్చుదాం."

ఆయన కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కో ప్లగ్గు వెలుగుకు పట్టిండు. "అన్నీ వద్దు. పైయి చూడు, ఎంత శుభ్రంగున్నయి. వాటికి వేడి రకం పెడితే బరువు మీద ఎక్కేటప్పుడు కొస ఎర్రగ కాలి, నిప్పు కొట్టకముందే పెట్రోల్ అంటుకుంటది. సిలిండర్ ఖతం." ఇంజన్ కంపెనీ ఒప్పుకున్న ప్లగ్గుల పట్టిక తీసి వేలు పెట్టుకుంట పోయిండు. "గిది చూడు, ముక్కు కొంచెం బయటికి పొడిచిన రకం. దీనికి మన ఇంజన్‌కు ఒప్పుదల ఉంది. కిందికి నాలుగు గివి, పైకి పాతయే, ఇగ పైయి కిందియి మార్చుడు బంద్. ఇంకోటి, నేల మీద నడిపేటప్పుడు పెట్రోల్ తగ్గించి నడపమని ఎగురుడు నేర్పే పంతుళ్లకు నేను చెప్త. సగం తప్పు ప్లగ్గుది కాదు."

లిడియా తల ఊపింది. అట్లనే తెప్పియ్యమని కంపెనీకి రాసిన్రు.

మందులు ఏడాదికి అయిపోయినయి. డాక్టరమ్మ మళ్ల దూదితోని చూసింది. బొటన వేలు, చూపుడు వేలు మునుపటి కంటె మెరుగు. చిటికెన వేలు, దాని పక్క వేలు వంగినకాడ వంగి ఉన్నయి, ఇక రావన్నది. రోగం మాత్రం పోయిందని, ఇక మందులు లేవని చెప్పింది. "సంతోషమా అమ్మా?" అని అడిగింది. లిడియా నవ్వింది. నవ్వాల్సిన జాగ అది అని ఎరుకై నవ్వింది.

షెడ్డుల జహీరుద్దీన్ ఒక పాత సిలిండర్‌ను బల్ల మీద పెట్టించిండు. "కండ్లు మూసుకొని ఎక్కియ్యి చూద్దాం," అన్నడు. ఆమె మళ్ల విమానం మీద పనికి వస్తే బాగుండని ఆయనకు ఉంది. శైలేందర్ గొట్టాలు విప్పలేక యాష్టపోతుండు. లిడియా కండ్లు మూసుకొని ప్లగ్గును గుంతల నిలబెట్టి తిప్పింది. మెల్లగ తిరిగింది. వాషర్ దాకా పోయి ఆగింది. కండ్లు తెరిస్తే నిటారుగ ఉంది.

"సక్కగ ఎక్కింది!" అన్నడు శైలేందర్.

లిడియా ప్లగ్గు మీదికెల్లి చెయ్యి తీసింది. "ఎక్కింది. కానీ పట్టినప్పుడు నాకు తెల్వలే. టక్కుమన్న సప్పుడు విని తిప్పిన. బయట గాలి, ఇంకో ఇంజన్ నడుస్తుంటే ఆ సప్పుడు వినబడదు." జహీరుద్దీన్ దిక్కు తిరిగింది. "వద్దు సాబ్. సన్న చెయ్యి ఉన్నోళ్లను ఎవలనన్న చూడున్రి. నేర్పుత."

"అచ్ఛా," అన్నడు ఆయన. ఆ మాటతోని అది తెగిపోయింది.

రాసి తెప్పించిన కొత్త కింది ప్లగ్గులు వచ్చినంక శైలేందర్ ఎక్కించిండు. ఇంజన్ లేపి ఒక్కో మ్యాగ్నెటో మీద నడిపిన్రు. రెండిటి మీదా సప్పుడు ఒక్క తీరుగనే ఉంది. అప్పటి నుంచి కింది ప్లగ్గుల మొరలు తగ్గినయి, పూర్తిగ పోలేదు. చిన్నపోరి ఒకామె, గజ్వేల్ ఐటీఐల చదివినామె, పనికి కుదిరింది. లిడియా పాత సిలిండర్ ముంగట ఆమెను కూసోబెట్టి నేర్పబట్టింది. పట్టిందా అని అడుగుతది. పట్టింది అక్కా అంటది ఆ పిల్ల. ఎట్ల తెలిసిందని అడుగుతది. ఆ పిల్ల చెప్పలేక తడబడితే, మళ్ల తీయించి మళ్ల ఎక్కియ్యమంటది. వేళ్లకు ఏం తెలిసిందో మాటల్ల చెప్పేదాక వదలదు.